పలకని చివరి మాట

పోయిన వారం మిమ్మల్ని మేకప్ గది తలుపు ముందు నిలబెట్టి వెళ్ళిపోయాను. తిట్టుకునే ఉంటారు. ఆ తలుపు తీసేలోపు, దారి తప్పి ఈ వారమే ఇటు వచ్చినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పుకుంటాను.

నా పేరు ఎఫీ లాసన్. డండీ ఊళ్ళో మా పాత థియేటర్లో ప్రాంప్టర్‌ని. స్టేజీకి ఎడమపక్క, జనానికి కనపడని తెరచాటు వింగులో ముక్కాలి పీట మీద కూర్చుని, ఒళ్ళో నాటకం పుస్తకం పెట్టుకుని, నటుడు మాట మరిస్తే అందించడం నా ఉద్యోగం. 1961 జూన్‌లో మర్డో గిల్‌ఫిలన్ ఈ ఊరికి తిరిగొచ్చాడు. జనపనార మిల్లులో నేత నేసిన తల్లికి పుట్టి, లండన్ వెళ్ళి నాటకాల్లో పేరు తెచ్చుకుని, నలభై సినిమాల్లో మా దేశపు ముసలాళ్ళందరి వేషాలూ తనే కట్టినవాడు. అరవై నాలుగేళ్ళ వయసులో, ఆఖరిసారి సొంత ఊళ్ళో వేషం కడతానని వచ్చాడు. కెప్టెన్ వేషం. తిమింగలాల వేటకు వెళ్ళినప్పుడు తమ్ముడు మంచుగండిలో పడితే, తాడు తెగిపోయిందని జన్మంతా చెప్పుకు తిరిగిన కెప్టెన్.

మాలో ఒక పట్టింపు ఉంది. నాటకంలో ఆఖరి మాటను రిహార్సల్స్‌లో ఎవరూ పైకి పలకరు. మొదటి ఆట రోజు జనం ముందే పలకాలి. ముందే పలికితే ఆ నాటకానికి ఆయుష్షు ఉండదంటారు. కొత్తతరం వాళ్ళు నవ్వుతారు కానీ మర్డో ఈ పట్టింపును గట్టిగా పట్టుకున్నాడు. మొదటి ఆట రోజైన ఆ శుక్రవారం పొద్దున జరిగిన ఆఖరి రిహార్సల్‌లో కూడా చివరి ప్రసంగం దగ్గర ఆగి, కెప్టెన్ టోపీ తీసి, తల వంచాడు. అందరూ చప్పట్లు కొట్టారు. పాతకాలపు మనిషి, ఎంత నిష్ఠ అని మెచ్చుకున్నారు.

నేను మాత్రం పుస్తకంలోకి చూశాను. మొదటి వారం ఒక్క వాక్యం మిగిల్చి ఆగాడు. రెండోవారం నాలుగు మిగిలాయి. ఆ శుక్రవారం మిగిలినవి పన్నెండు. అంటే ప్రసంగం మొత్తం. మతిమరుపును మేమంతా భక్తి అనుకుని చప్పట్లు కొడుతున్నాం. సాయంత్రం ఏడింటికి తెర లేస్తుంది. మాట నిలవని నటుడుంటే తెర లేవకముందే డైరెక్టర్‌కి చెప్పడం ప్రాంప్టర్ విధి. చెబితే, అదే నాటకంలో కెప్టెన్ కింది అధికారి మేటు వేషం కట్టే రెన్నీకి టోపీ వెళ్ళిపోతుంది. అతను కెప్టెన్ పాత్ర కూడా వల్లె వేసుకుని కూర్చున్నాడు. నేను పుస్తకం చంకన పెట్టుకుని మెట్లెక్కి, మర్డో గది తలుపు కొట్టాను. అక్కడే కదా మనం ఆగింది.

"ఎవరది?"

"నేనే. తీయి."

"బట్టలు మార్చుకుంటున్నా."

"ఒకే దుప్పటి అడ్డం కట్టుకుని ఆడామగా అందరం బట్టలు మార్చుకున్న కంపెనీలో పనిచేశాం ఇద్దరం. కొత్తగా సిగ్గేంటి? తీయి."

తీశాడు. బట్టలేమీ మార్చుకోవడం లేదు. కెప్టెన్ కోటుతోనే అద్దం ముందు కూర్చున్నాడు. అద్దం చుట్టూ ఉన్న బల్బుల్లో రెండు మాడిపోయాయి. బల్ల మీద కాగితం సంచిలో మాంసం కూరిన బ్రైడీ రొట్టె పొద్దుటినుంచీ అలాగే ఉంది, కొవ్వు కారి కాగితం పారదర్శకంగా అయిపోయింది. టోపీ ఒళ్ళో పెట్టుకుని దాని అంచు నిమురుతున్నాడు.

"చివరి ప్రసంగం ఎన్ని వాక్యాలు మర్డో?" అన్నాను.

"ఎన్నయితేనేం? పలక్కూడదు కదా. పట్టింపు."

"పట్టింపు ఒక్క వాక్యానికి. మొత్తం ప్రసంగం మింగెయ్యమని ఏ పెద్దలూ చెప్పలేదు."

నవ్వాడు. ఆ నవ్వు సినిమాల్లో మీరు చూసే ఉంటారు, పెదవి ఒక కొస మాత్రమే పైకి లేస్తుంది. లక్షలమంది దానికి పడిపోయారు. నేను కదల్లేదు. నవ్వు పనిచెయ్యదని తెలిశాక కోపం తెచ్చుకున్నాడు.

"జన్మంతా చీకట్లో పుస్తకం పట్టుకు కూర్చునేదానివి. నటన ఎలా చెయ్యాలో నాకు చెప్పడానికొచ్చావా?"

"పుస్తకం పట్టుకునేదాన్నే. అందుకే అడుగుతున్నా. మొదటి వాక్యం చెప్పు. పైకి చెప్పు. ఇక్కడ జనం లేరు, డైరెక్టర్ పెటిగ్రూ లేడు. చెప్పు."

నోరు తెరిచాడు. గొంతు సవరించుకున్నాడు. భుజాలు విచ్చుకున్నాయి, కళ్ళలోకి కెప్టెన్ వచ్చేశాడు, గడ్డం వణికింది. అన్నీ వచ్చాయి. మాట ఒక్కటే రాలేదు. కాసేపటికి మొదటి అంకంలోని ముక్క ఏదో అన్నాడు. అది కాదని తనకే తెలిసి ఆగిపోయాడు. అతని చూపు టోపీ మీదికి వెళ్ళింది.

టోపీ లాక్కున్నాను. లోపలి గుడ్డ అంచు పొడుగునా చిన్నచిన్న కాగితం ముక్కలు అంటించి ఉన్నాయి, చీమతలకాయలంత అక్షరాలతో.

"కళ్ళజోడు లేకుండా ఇవి నీకు కనిపిస్తాయా?"

"కనిపించవు."

"మరెందుకు?"

"ఉన్నాయని ధైర్యం" అన్నాడు.

టోపీ తిరిగి అతని ఒళ్ళో పెట్టాను. కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఎప్పటినుంచి అని అడిగాను. నాలుగేళ్ళయిందన్నాడు.

"మరి సినిమాలు?"

"సినిమాకి ఒక్కో ముక్క చాలు కదే ఎఫీ. ఒక ముక్క అనడం, ఆపడం. ఇంకో ముక్క. టీ కప్పు మీద, తలుపు వెనక, ఎదుటివాడి టై మీద కూడా రాయించేవాణ్ణి. వాడి ఛాతీకేసి చూస్తూ మాట్లాడితే, ఎంత బాధ మింగుకుంటున్నాడో చూడండి అని పత్రికలవాళ్ళు రాశారు." మళ్ళీ ఆ నవ్వు రాబోయి సగంలో ఆగిపోయింది. "ఆఖరి సినిమాలో పాదిరీ వేషం. సమాధి దగ్గర ప్రార్థన. మూడే వాక్యాలు. శవపేటిక మూత మీద అంటించారు నా కోసం. వాన పట్టుకుంది. సిరా అంతా కారిపోయింది. ఇరవై ఏడుసార్లు తీశారు. శవం వేషం కట్టినవాడికి జలుబు చేసింది. మర్నాడు పొద్దున నన్ను తీసుకెళ్ళడానికి కారు రాలేదు."

డైరెక్టర్‌తో గొడవపడి ఆ సినిమా వదిలేశాడని మేమంతా అనుకున్నాం. మా ఊళ్ళో దాన్ని గర్వంగా చెప్పుకున్నారు కూడా, మనవాడు లండన్ వాళ్ళకి తల వంచలేదని. ఆ కథ పుట్టించింది తనేనట.

"డాక్టర్ ఏమన్నాడు?"

"కొత్తవి నిలవవు, పాతవి ఉంటాయన్నాడు. నిజమే. మా అమ్మ మగ్గం నంబరు అడుగు, చెబుతా. నూట పద్నాలుగు."

పాతవి ఉంటాయి. ఆ మాట వినగానే నా లోపల ఏళ్ళుగా మూసిపెట్టిన తలుపు ఒకటి తెరుచుకుంది. ఇంతవరకూ ఈ కథలో మీకు చెప్పకుండా దాచాను. ఇప్పుడు చెప్పక తప్పదు.

నేను ప్రాంప్టర్‌గా పుట్టలేదు. 1923లో మర్డోతో కలిసి ఊరూరా తిరిగే కంపెనీలో నేనూ నటిని. నాకు ఇరవై ఒకటి, అతనికి ఇరవై ఆరు. ఇద్దరం మిల్లు నుంచి వచ్చినవాళ్ళమే. మగ్గాల హోరులో చెవిలో అరిచినా వినపడదు, అందుకని మిల్లు ఆడవాళ్ళం చప్పుడు లేకుండా ఉత్త పెదవులతోనే మాట్లాడుకుంటాం. అత్తల మీద చాడీలు, ప్రేమలు, అన్నీ అలాగే. మా పిల్లలకీ అది ఉగ్గుపాలతో వచ్చేస్తుంది. మర్డోకీ అలాగే వచ్చింది. స్టేజీ మీద మా ఇద్దరికీ అదే రహస్య బలం. ఎవరు మాట మరిచినా, రెండోవాళ్ళు పెదవులు కదిపి అందించేవాళ్ళం. ఏ ఊళ్ళోనూ ఎవరూ కనిపెట్టలేదు.

ఆర్‌బ్రోత్ ఊళ్ళో ఒక హాల్లో ఆట. మూడో వరుసలో లండన్ నుంచి వచ్చిన కంపెనీ మేనేజరు కూర్చున్నాడని మాకు ముందే తెలుసు. కూతురి వేషం నాది, తండ్రి వేషం మర్డోది. చివరి అంకంలో కిటికీ దగ్గర నిలబడి ఒక చిన్న మాట అనాలి. ఆ మాట నా బుర్రలోంచి తుడిచిపెట్టుకుపోయింది. మర్డో వైపు చూశాను. అతని పెదవుల వైపు చూశాను. అవి కదల్లేదు. ఎంతసేపు చూశానో నాకు తెలియదు. తర్వాత అతను జనం వైపు తిరిగి, "మా అమ్మాయి మగ్గాల దగ్గర చెవులు పోగొట్టుకుందనుకున్నా, నాలుక కూడా అక్కడే వదిలేసి వచ్చినట్టుంది" అన్నాడు. హాలు గొల్లుమంది. ఆ నవ్వుతోనే అతను నాటకాన్ని తన చేతిలోకి తీసుకుని చివరిదాకా ఒక్కడే లాక్కెళ్ళిపోయాడు. వారం తిరక్కుండా లండన్ నుంచి ఉత్తరం వచ్చింది, అతనొక్కడికే. నేను అప్పటినుంచి జనం ముందు స్టేజీ మీద కాలు పెట్టలేదు. ఆటయ్యాక పనివాళ్ళందరినీ పిలిచి దండం పెట్టించే రోజుల్లో కూడా వింగులోంచి కదల్లేదు.

ఆ రోజు అతనికి కూడా మాట గుర్తురాలేదా? గుర్తుండి ఇవ్వలేదా? ముప్పై ఎనిమిదేళ్ళుగా నన్ను తొలిచేసింది ఆ ఒక్క ప్రశ్నే. అడగలేదు ఎప్పుడూ. అడిగితే ఏ జవాబు వచ్చినా దానితో బతకాలి కదా. కానీ పాతవి ఉంటాయని తనే అన్నాడు.

"ఆర్‌బ్రోత్ గుర్తుందా?" అని అడిగాను.

"ఆర్‌బ్రోత్‌లో ఏంటి?"

"కిటికీ దగ్గర నేను నిలబడిపోయిన రోజు. నీకు ఆ మాట తెలుసా ఆ రోజు?"

"ఏ మాట?" అన్నాడు. నా ముఖంలోకి సూటిగా, కళ్ళార్పకుండా చూస్తూ అన్నాడు. "నువ్వు నిలబడిపోవడమేంటి? నాకలాంటిదేమీ గుర్తులేదే ఎఫీ."

మగ్గం నంబరు గుర్తుంది. నా బతుకు గుర్తులేదు. నిజంగానే పోయిందో, నటించాడో నాకు తెలియలేదు. నటుడితో వచ్చిన చిక్కే అది. చెంప మీద కొట్టాలనిపించింది. ఆ చెంప అంతా ముడతలు, వాటిలో పొద్దుటి రంగు ఇంకా పూర్తిగా పోలేదు. చెయ్యి లేవలేదు.

"ఈ ఒక్క ఆట" అన్నాడు అతనే. "ముందు అయిదు వరుసలూ మా మిల్లు ముసలమ్మలే. మా అమ్మ పక్క మగ్గాల మీద నేసినవాళ్ళు. నడవలేనివాళ్ళని కూడా మనవరాళ్ళు చెయ్యి పట్టుకుని తీసుకొస్తున్నారు. వాళ్ళ ముందు ఒక్కసారి నిలబడనివ్వు. రేపు పొద్దున నేనే పెటిగ్రూకి చెప్పేస్తా ఒంట్లో బాగోలేదని. టోపీ రెన్నీకి ఇచ్చేస్తా. ఈ ఒక్కసారి పెదవులతో అందించు. మిల్లు మాట. వింగులో ఉంటావు కాబట్టి ఆ ముసలమ్మలకి కూడా కనపడవు."

"నేను అందించకపోతే?"

"అందిస్తావు."

"ఎందుకంత నమ్మకం?"

"నమ్మకం కాదే. ఇంకో దారి లేదు" అన్నాడు.

బయటికొచ్చేశాను. మెట్ల మలుపులో పెటిగ్రూ ఎదురయ్యాడు. మా డైరెక్టర్, ముప్పై కూడా నిండలేదు, ఎడిన్‌బరో నుంచి వచ్చాడు. మంచివాడే. ఆ రోజు పాపం అన్నం తిన్న ముఖంలా లేదు.

"ఎఫీ గారూ, ఒక్క నిమిషం. మీరు నిజం చెప్పాలి. పెద్దాయనకి మాటలు నిలుస్తాయా? నాకెందుకో అనుమానంగా ఉంది. రెన్నీని సిద్ధంగా ఉండమనాలా?"

పై మెట్టు మీద మర్డో గది తలుపు సందు ఇంకా తెరిచే ఉంది. వింటున్నాడని తెలుసు.

"నిలుస్తాయి బాబూ. నువ్వెళ్ళి టీ తాగు" అన్నాను.

జాలిపడి అలా అన్నానా? రెన్నీ వచ్చేస్తే మర్డో నా చేతికి చిక్కకుండా పోతాడని అన్నానా? అప్పుడు తేల్చుకోలేదు. ఇప్పటికీ తేల్చుకోలేదు. మంచిదాన్నని మీరనుకుంటారేమోనని ముందే చెప్పేస్తున్నాను.

ఏడింటికి తెర లేచింది. ముందు వరుసల్లో నల్లకోట్లు, తెల్లజుట్లు. టోపీ పెట్టుకుని మర్డో అడుగుపెట్టగానే ఒక ముసలమ్మ "జీన్ కొడుకే! అచ్చం జీన్ నడకే!" అని పైకే అనేసింది. అతను ఆగాడు. ఆమె వైపు టోపీ కొంచెం ఎత్తాడు. హాలు మొత్తం అతనిదైపోయింది.

మొదటి అంకంలో రెండుసార్లు నా వైపు చూశాడు. రెండోదాంట్లో అయిదుసార్లు. ప్రతిసారీ ఒక సాకు కనిపెట్టేవాడు. పైపు వెలిగించుకోవడానికని ఇటు తిరిగేవాడు, కిటికీలోంచి సముద్రం చూస్తున్నట్టు నిలబడేవాడు. నా పెదవులు కదిలేవి, అతని గొంతు పలికేది. నేనిచ్చిన ఉత్త మాట అతని గొంతులోంచి వచ్చేసరికి ఎదురుగా ఉన్న ముసలమ్మలు కళ్ళు తుడుచుకునేవాళ్ళు. ఒప్పుకోవాలి, వాడంత నటుణ్ణి నేను మళ్ళీ చూడలేదు. ఆ మాటలు నా నోట్లోవే అయినా, నేను జన్మలో అలా పలకలేను.

చివరి అంకం. చివరి ప్రసంగం. కెప్టెన్ ఒంటరిగా తీరాన నిలబడి, అన్నేళ్ళుగా దాచుకున్నది తమ్ముడి సమాధిరాయికి చెప్పుకోవాలి. ఆ రాయిని రిహార్సల్స్‌లో స్టేజీ మధ్యలో పెట్టారు. ఆ సాయంత్రం చూస్తే నా వింగుకి నాలుగడుగుల దూరంలో ఉంది. విరామంలో మర్డోనే జరిపించుకున్నాడట.

వాక్యం తర్వాత వాక్యం అందించాను. ఒకటి, రెండు, మూడు. అతను నా కళ్ళ వైపు చూడ్డంలేదు, పెదవులు తప్ప ఇంకేమీ చూడ్డంలేదు. తమ్ముడు గండిలోకి జారిన సంగతి పలికాడు. తాడు చేతులకి చుట్టుకున్న సంగతి పలికాడు. కిందినుంచి తమ్ముడి అరుపు వినిపించిన సంగతి పలికాడు. పదకొండో వాక్యం అయింది. ఇక ఆఖరి మాట. నాలుగు వారాల్లో ఈ థియేటర్లో ఎవరూ పైకి పలకని మాట. "తాడు తెగలేదు, నేనే వదిలేశాను." నా వేలు దాని మీదే ఉంది.

పెదవులు విప్పబోయాను. అప్పుడు మర్డో ఒక పని చేశాడు. జనానికి పూర్తిగా వీపు పెట్టి నా వైపు తిరిగాడు. ఏ నటుడూ చెయ్యని పని అది. వేదిక మీది వెలుతురు అతని వెనక ఉంది, ముఖం నాకొక్కదానికే కనిపిస్తోంది. కళ్ళు ఎత్తి నా కళ్ళలోకి చూశాడు. తర్వాత చప్పుడు లేకుండా, మగ్గాల మధ్య మా అమ్మలు మాట్లాడుకున్నట్టు, పెదవులు కదిపాడు.

"వాన వెలిసింది. ఇక వెళ్ళు."

అది ఈ నాటకంలో మాట కాదు. ఆర్‌బ్రోత్‌లో కిటికీ దగ్గర నేననాల్సిన మాట. ముప్పై ఎనిమిదేళ్ళ కిందట నా బుర్రలోంచి పోయిన మాట. నేను అతని పెదవుల మీద వెతికిన మాట.

అంటే ఆ రోజు అతనికి తెలుసు. మాట నోట్లో పెట్టుకునే పెదవులు బిగించాడు. మధ్యాహ్నం నా ముఖంలోకి చూసి అబద్ధమాడాడు కూడా. ఇప్పుడు నిజం చెప్పాడు, అదీ నా మాట తప్ప ఇంకే దిక్కూ లేని చోట నిలబడి. చెప్పి ఊరుకున్నాడు. ఇక అతని పెదవులు కదల్లేదు. నా పెదవుల వైపు కూడా చూడ్డంలేదు. కళ్ళు మూసుకున్నాడు.

నా భుజం వెనకనుంచి పెటిగ్రూ గుసగుసలాడాడు. "ఏమైంది? మరిచిపోయారా? ఎఫీ గారూ, అందించండి. పైకే చెప్పండి, పర్లేదు!"

హాల్లో ముందు వరుసలో ఎవరో దగ్గారు. ఇంకెవరో కుర్చీలో కదిలారు. ఆర్‌బ్రోత్‌లో కూడా ముందు ఒక దగ్గు వినిపించింది. ఆ తర్వాతే నవ్వులు మొదలయ్యాయి.

"ఎఫీ గారూ!"

పుస్తకం మూశాను. దాన్ని పీట మీద పెట్టి లేచి నిలబడ్డాను. పెటిగ్రూ నా చెయ్యి పట్టుకోబోయాడు, విదిలించుకున్నాను. వింగు దాటి, దీపాల వెలుతురులోకి, జనం చూస్తున్న స్టేజీ మీదికి అడుగు వేశాను. ముందు వరుసల్లో ఆ ముసలమ్మలందరి చూపూ ఒక్కసారిగా నా పెదవుల మీదికి తిరిగింది. నేను ఏ మాట చెప్పబోతున్నానో నాకే ఇంకా తెలియదు.